కంప్యూటర్ టైమ్ తప్పుతోందా? నెట్‌లోని టైమ్ సర్వర్ నుంచి కచ్చితంగా పెట్టుకోవడం ఇలా

కంప్యూటర్‌లో టైమ్ తప్పు చూపిస్తే మనలో చాలామంది చేసేది ఒకటే. ఫోన్ చూసుకుని, కింద మూలనున్న గడియారం మీద క్లిక్ చేసి, చేత్తో సరిచేసేస్తాం. నాలుగు రోజులకు మళ్లీ తప్పుతుంది, మళ్లీ సరిచేస్తాం. ఇలా చేసినంతకాలం అసలు లోపం ఎక్కడుందో బయటపడదు. నిజానికి టైమ్ తప్పడానికి ఉండే కారణాలు నాలుగైదు మించవు. అందులో మీది ఏదో పట్టుకుని ఒక్కసారి కుదురుగా సరిచేస్తే, ఆ తర్వాత టైమ్ సంగతి సిస్టమే చూసుకుంటుంది.

రెండు మూడు నిమిషాల తేడాకు ఇంత శ్రమ ఎందుకు అనిపించవచ్చు. బ్యాంకు సైటు తెరిచినప్పుడు మీ బ్రౌజర్ ఆ సైటు సర్టిఫికెట్ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందో మీ గడియారంతోనే పోల్చి చూస్తుంది. గడియారం నెలలు వెనకబడి ఉంటే సైటు తెరుచుకోదు. 30 సెకన్లకోసారి కోడ్ మారే ఆథెంటికేటర్ యాప్‌లు కూడా టైమ్ మీదే నడుస్తాయి. ఆఫీసు డొమైన్‌లో, అంటే కంపెనీ సర్వర్ అదుపులో ఉన్న సిస్టమ్ ఆ సర్వర్‌తో 5 నిమిషాలకు మించి తేడా పడితే లాగిన్ దగ్గరే ఆగిపోవచ్చు. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ పెట్టి పీడీఎఫ్ మీద సంతకం చేసేవాళ్లు ఒక్కసారి ఆ సంతకం వివరాలు తెరిచి చూడండి. టైమ్‌స్టాంప్ సర్వర్ వాడకపోతే, సంతకం చేసిన సమయం మీ కంప్యూటర్ గడియారం నుంచి తీసుకున్నదని అక్కడ స్పష్టంగా రాసి ఉంటుంది. టెండర్ గడువు చివరి రోజున ఆ సమయం తప్పుగా పడితే ఎంత టెన్షనో పడినవాళ్లకే తెలుసు.

తత్కాల్ టికెట్ల కోసం టైమ్ సరిచేసుకోవాలని చాలామంది అడుగుతుంటారు. ఏసీకి 10 గంటలకు, నాన్ ఏసీకి 11 గంటలకు బుకింగ్ తెరుచుకునేది రైల్వే సర్వర్ గడియారం ప్రకారం. మీ టైమ్ సరిగ్గా ఉంటే ఎప్పుడు క్లిక్ చేయాలో తెలుస్తుంది, అంతవరకే లాభం.

ఒక మాట ముందే చెప్పాలి. కమాండ్లు, సర్వర్ అడ్రస్సులు ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాశాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. తికమక పడే చోట అక్షరం అక్షరం విడదీసి చెబుతాను.

ముందు తేడా ఎంతో కొలవండి

తేడా ఎంత ఉందో చూస్తే చాలు, కారణం సగం తెలిసిపోతుంది. అందుకే ఏదీ ముట్టుకోకముందే కొలవండి. టీవీ న్యూస్ ఛానల్ మూలన కనిపించే టైమ్‌తో మాత్రం పోల్చకండి. ఆ బొమ్మ శాటిలైట్‌కి వెళ్లి సెట్‌టాప్ బాక్స్‌లోంచి బయటికి వచ్చేసరికి కొన్ని సెకన్లు ఆలస్యమవుతుంది. బ్రౌజర్‌లో టైమ్ డాట్ ఐఎస్ అనే సైటు తెరిస్తే, మీ గడియారం ఎన్ని సెకన్లు ముందుందో, ఎన్ని సెకన్లు వెనకుందో అదే చెబుతుంది. సైటు అసలు తెరుచుకోకపోతే ముందు తేదీ, సంవత్సరం చూడండి, అవే తప్పి ఉండొచ్చు.

తేడా కొన్ని సెకన్లో, ఒకటి రెండు నిమిషాలో ఉంటే సిస్టమ్‌లో ఏ జబ్బూ లేనట్టే. మదర్‌బోర్డు గడియారంలోని క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపించాలి. చవక స్ఫటికాలకు పది లక్షలకు 20 వంతుల తేడా మామూలే. లెక్క కడితే రోజుకు 1.7 సెకన్లు, నెలకు 50 సెకన్ల పైమాట. నెట్ నుంచి సరిచేసుకోవడం ఆగిపోయిందన్న మాట, దాన్ని మళ్లీ మొదలుపెడితే చాలు.

తేడా సరిగ్గా గంటల్లోనో, అరగంటల్లోనో ఉండి, సెకన్లు మాత్రం దాదాపు సరిపోతుంటే అది టైమ్ జోన్ తప్పు. సరిగ్గా 15 నిమిషాలు ముందుంటే లిస్టులో మన జోన్ బదులు ఖాట్మండు మీద క్లిక్ పడిందేమో చూడండి, నేపాల్ టైమ్ మనకంటే పావుగంట ముందుంటుంది. సరిగ్గా అయిదున్నర గంటల తేడా అయితే, ముఖ్యంగా ఒకే సిస్టమ్‌లో విండోస్, లైనక్స్ రెండూ ఉంటే, దాని కథ వేరు, కింద చెబుతాను. ఇక సిస్టమ్ ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయింది.

టైమ్ కంటే ముందు టైమ్ జోన్

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

నెట్‌లోని టైమ్ సర్వర్‌కి మీరు హైదరాబాద్‌లో ఉన్నారో, డాలస్‌లో ఉన్నారో తెలియదు. అది పంపేది యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన సమయం. దానికి అయిదున్నర గంటలు కలిపి మన టైమ్‌గా చూపించేది మీ కంప్యూటర్. జోన్ తప్పుగా ఉంటే సర్వర్ ఇచ్చింది ఎంత కచ్చితమైనా తెర మీద తప్పే కనిపిస్తుంది. అప్పుడేమవుతుందంటే, మీరు చేత్తో సరిచేస్తారు, కాసేపటికి సింక్, అంటే సర్వర్‌తో టైమ్ సరిపోల్చి సర్దుకునే ఏర్పాటు, దాన్ని మళ్లీ మార్చేస్తుంది. విసుగొచ్చి సింక్‌ని ఆపేస్తారు. చూడ్డానికి తెర మీద టైమ్ బాగానే ఉంటుంది, లోపల యూటీసీ మాత్రం గంటల తేడాతో నడుస్తుంటుంది. మెయిళ్లు, లాగ్‌లు (ఏది ఎప్పుడు జరిగిందో సిస్టమ్ రాసుకునే రికార్డులు), సర్టిఫికెట్లు అన్నీ ఆ తప్పు యూటీసీనే నమ్ముతాయి.

విండోస్ 10, 11లో సెట్టింగ్స్ తెరిచి, టైమ్ అండ్ లాంగ్వేజ్‌లోకి, అందులో డేట్ అండ్ టైమ్‌లోకి వెళ్లండి. టైమ్ జోన్ దగ్గర యూటీసీ ప్లస్ 05:30 అని, పక్కన చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ పేర్లున్న వరుస ఎంచుకోండి. మన ఊళ్ల పేర్లు అందులో ఉండవు, అదే మనది. శ్రీ జయవర్ధనపుర అని ఉన్నది శ్రీలంకది. దాని లెక్కా ఇప్పుడు అయిదున్నరే, అయినా మనదే పెట్టుకోవడం మంచిది. అదే పేజీలో టైమ్ జోన్‌ని ఆటోమేటిక్‌గా సెట్ చేసే స్విచ్ ఒకటుంది. ఊళ్లు తిరిగే ల్యాప్‌టాప్‌కైతే ఆన్ చేయండి. షాపులోనో ఇంట్లోనో కదలకుండా ఉండే డెస్క్‌టాప్‌కి ఆఫ్ చేసి, జోన్ మీరే ఎంచుకోండి.

ఇక్కడ ఉండి అమెరికా షిఫ్టులో పనిచేసేవాళ్లకు ఒక మనవి. మీటింగుల కోసం సిస్టమ్ గడియారాన్ని చేత్తో అమెరికా టైమ్‌కి తిప్పి పెట్టుకునేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. విండోస్‌లోనే అదనపు గడియారాలు రెండు పెట్టుకోవచ్చు. అడిషనల్ క్లాక్స్ అనే చోట ఈస్టర్న్, సెంట్రల్, ఏది కావాలంటే అది ఎంచుకుంటే, కింద టైమ్ దగ్గర మౌస్ ఆనించగానే అన్నీ కనిపిస్తాయి. అక్కడ మార్చిలో, నవంబర్‌లో గంట మారినప్పుడు కూడా అదే సర్దుకుంటుంది.

విండోస్‌లో సింక్ చేయడం

జోన్ సరిగ్గా ఉందని నిర్ధారించుకున్నాక, అదే డేట్ అండ్ టైమ్ పేజీలో టైమ్‌ని ఆటోమేటిక్‌గా సెట్ చేసే స్విచ్ ఆన్ చేయండి. కొంచెం కిందికి వస్తే సింక్ నౌ అనే బటన్ ఉంటుంది, నొక్కండి. పక్కన టిక్కు పడితే ఇంట్లో వాడుకునే సిస్టమ్‌కి దాదాపు పని అయిపోయినట్టే.

సర్వర్ మార్చాలంటే పాత కంట్రోల్ ప్యానల్ దారే సులువు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన చిన్న పెట్టెలో టైమ్‌డేట్ డాట్ సీపీఎల్ అని కొట్టండి. తెరుచుకున్న విండోలో ఇంటర్నెట్ టైమ్ అనే ట్యాబ్ ఉంటుంది. అందులో చేంజ్ సెట్టింగ్స్ నొక్కితే సర్వర్ పేరు రాసే గడి వస్తుంది. మామూలుగా అక్కడ టైమ్ డాట్ విండోస్ డాట్ కామ్ ఉంటుంది. దాన్ని చెరిపి మీకు కావలసింది రాసి, అప్‌డేట్ నౌ నొక్కి, ఓకే చేయండి. ఆఫీసు సిస్టమ్‌లో ఈ ట్యాబే కనిపించకపోతే కంగారు పడక్కర్లేదు. ఆ సిస్టమ్ కంపెనీ డొమైన్‌లో ఉంది, టైమ్ కూడా కంపెనీ సర్వర్ నుంచే తీసుకుంటుంది. అక్కడ టైమ్ తప్పితే మీరు మార్చకుండా ఐటీ వాళ్లకు చెప్పండి, ఎందుకంటే తప్పు మీ ఒక్క సిస్టమ్‌ది కాకపోవచ్చు.

ఏ సర్వర్ రాయాలి? మన దేశంలో అధికారిక సమయాన్ని నిలబెట్టేది న్యూఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ. అక్కడి సీజియం అణు గడియారాలు, హైడ్రోజన్ మేజర్లు అనే మరో రకం అణు గడియారాలే ఐఎస్‌టీకి, అంటే మన దేశ సమయానికి ఆధారం. వాళ్ల సర్వర్ అడ్రస్ టైమ్ డాట్ ఎన్‌పీఎల్‌ఇండియా డాట్ ఆర్గ్. నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ నడిపేవి సమయ్1 డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్, సమయ్2 డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్. సమయ్ అన్నది ఎస్, ఏ, ఎం, ఏ, వై, వెంటనే అంకె, మధ్యలో ఖాళీ ఉండకూడదు. ఇవి కాక, ప్రపంచమంతటా స్వచ్ఛందంగా నడిచే పూల్ ఒకటుంది. మన దేశానికి దాని అడ్రస్ ఇన్ డాట్ పూల్ డాట్ ఎన్‌టీపీ డాట్ ఆర్గ్.

మీది కంపెనీయో, డేటా సెంటరో, ప్రభుత్వ సంస్థో అయితే ఇది ఇష్టాయిష్టాల విషయం కాదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సిస్టమ్‌లన్నీ ఎన్ఐసీ, ఎన్‌పీఎల్ సర్వర్ల నుంచో, వాటితో ముడిపడి నడిచే సర్వర్ల నుంచో టైమ్ తీసుకోవాలి. లాగ్‌లు 180 రోజులు దాచాలని కూడా అందులోనే ఉంది. దాడి జరిగినప్పుడు పది సిస్టమ్‌ల లాగ్‌లు పక్కపక్కన పెట్టి ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చాలి. టైమ్‌లు కలవకపోతే ఆ లాగ్‌లు ఎన్నాళ్లు దాచినా పనికిరావు.

సింక్ నిజంగా అయిందా?

టిక్కు పడగానే నమ్మేయకండి. విండోస్‌లోనే దీన్ని తేల్చే కమాండ్ ఉంది. స్టార్ట్‌లో సీఎండీ అని వెతికి, దాని మీద రైట్ క్లిక్ చేసి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఎంచుకోండి. కమాండ్ పేరు డబ్ల్యూ, 3, 2, టీ, ఎం, అయిదూ కలిపి ఒకే మాట. తర్వాత ఒక ఖాళీ, స్లాష్, దానికి ఆనుకుని క్వెరీ, మళ్లీ ఖాళీ, స్లాష్, స్టేటస్. ఎంటర్ కొట్టగానే కొన్ని వరుసలు వస్తాయి. వాటిలో సోర్స్ అన్న వరుస చూడండి. మీరు పెట్టిన సర్వర్ పేరుంటే సరే. లోకల్ సీమాస్ క్లాక్ అనో, ఫ్రీ రన్నింగ్ సిస్టమ్ క్లాక్ అనో ఉంటే మాత్రం నెట్ నుంచి ఏమీ రావడం లేదు, సిస్టమ్ తన గడియారాన్నే నమ్ముకుని నడుస్తోంది. చివరిసారి విజయవంతంగా సింక్ అయిన తేదీ, సమయం కూడా అక్కడే ఉంటాయి. సర్వీస్ స్టార్ట్ కాలేదని వస్తే నెట్ స్టార్ట్ డబ్ల్యూ32టైమ్ అని కొట్టి, మళ్లీ అడగండి.

ఇంకా బాగా చూడాలంటే డబ్ల్యూ32టీఎం, ఖాళీ, స్లాష్ స్ట్రిప్‌చార్ట్, ఖాళీ, స్లాష్ కంప్యూటర్, కోలన్, వెంటనే సర్వర్ పేరు, ఖాళీ, స్లాష్ శాంపుల్స్, కోలన్, 5, ఖాళీ, స్లాష్ డేటాఓన్లీ. ఇది గడియారాన్ని మార్చదు, అయిదుసార్లు సర్వర్‌ని అడిగి తేడాను సెకన్లలో చూపిస్తుంది. ప్లస్ 00.0123 లాంటి అంకె వస్తే తేడా సెకనులో వందో వంతు చుట్టూ ఉంది, చాలా బాగున్నట్టు. ప్లస్ 47 అని వస్తే మీ గడియారం సర్వర్ కంటే 47 సెకన్లు వెనకబడి ఉంది.

నెట్‌లో దారి పట్టి వచ్చేసరికి ఆలస్యమవుతుంది కదా, ఇంత కచ్చితంగా ఎలా చెబుతుంది అని అడగాల్సిన ప్రశ్నే. ఇందులో నాలుగు సమయాలు నమోదవుతాయి. మీ సిస్టమ్ ప్రశ్న పంపినప్పుడు దాని గడియారంలో 10 గంటల 0.000 సెకన్లు అనుకోండి. ఆ ప్రశ్న అందినప్పుడు సర్వర్ గడియారంలో 2.040 సెకన్లు. సర్వర్ జవాబు పంపింది 2.041కి. అది మీకు చేరినప్పుడు మీ గడియారంలో 0.081. వెళ్లేటప్పుడు కనిపించిన తేడా 2.040, వచ్చేటప్పుడు 2.041లోంచి 0.081 తీసేస్తే 1.960. రెండింటి సగటు సరిగ్గా 2 సెకన్లు. అంతే, మీ గడియారం 2 సెకన్లు వెనక ఉంది. దారిలో పోయిన 80 మిల్లీసెకన్లు పోనూ రానూ సమానంగా కొట్టుడుపోయాయి. పోయే దారి, వచ్చే దారి సమానంగా లేకపోతే మాత్రం కొంత తప్పు వస్తుంది, అదీ ఎంత చెడ్డా మొత్తం ఆలస్యంలో సగం మించదు. అందుకే దగ్గరి సర్వర్ మేలు.

ఈ పద్ధతి పేరు ఎన్‌టీపీ, అంటే నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్. అమెరికాలో డెలావేర్ యూనివర్సిటీ ప్రొఫెసర్ డేవిడ్ మిల్స్ దీన్ని తీర్చిదిద్దారు, 1985లో తొలి ప్రమాణ పత్రం వచ్చింది. పుట్టుకతోనే గ్లకోమా ఉండి, తర్వాత చూపు పూర్తిగా పోయినా ఆయన ఈ పని వదల్లేదు. 2024 జనవరిలో కన్నుమూశారు. మన ఫోన్లు, బ్యాంకులు, సర్వర్లు ఒకే సెకను మీద నిలబడి ఉన్నాయంటే ఆయన పెట్టిన భిక్షే అంటాను నేను.

సింక్ అవ్వకపోతే

స్ట్రిప్‌చార్ట్ కొట్టినప్పుడు 0ఎక్స్800705బీ4 అని ఎర్రర్ వస్తే, అడిగిన ప్రశ్నకు జవాబు రాలేదని అర్థం. ఎన్‌టీపీ యూడీపీ 123వ పోర్టు మీద నడుస్తుంది. కాలేజీ హాస్టళ్లలో, హోటళ్లలో, కొన్ని ఆఫీసుల్లో ఆ పోర్టు మూసేసి ఉంటుంది. వెబ్‌సైట్లన్నీ చక్కగా తెరుచుకుంటాయి, టైమ్ మాత్రం రాదు. తేల్చుకోవడం తేలికే. ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి మళ్లీ ప్రయత్నించండి. దాంతో పనిచేస్తే తప్పు నెట్‌వర్క్‌ది. అప్పుడు అడ్మిన్‌ని పోర్టు తెరవమనండి, లేదా లోపల టైమ్ సర్వర్ ఉంటే దాని అడ్రస్ అడగండి. హాట్‌స్పాట్ మీద కూడా రాకపోతే మీ యాంటీవైరస్ ఫైర్‌వాల్ చూడండి, సర్వర్ పేరు కూడా ఒకసారి మార్చి చూడండి.

రెండో అడ్డంకి చాలామందికి తెలియనిది. తేడా మరీ పెద్దదైతే విండోస్ సింక్ చేయడానికి ఒప్పుకోదు. డొమైన్‌లో లేని మామూలు సిస్టమ్‌లో ఆ హద్దు 15 గంటలు. తేదీ 2015లోకి పోయి ఉంటే సింక్ నౌ ఎన్నిసార్లు నొక్కినా ఫలితం ఉండదు. విండోస్‌లో చేత్తో పెట్టాల్సిన ఏకైక సందర్భం ఇదే. ఆటోమేటిక్ స్విచ్ ఆఫ్ చేసి, తేదీ, నెల, సంవత్సరం, టైమ్ దాదాపుగా పెట్టి, స్విచ్ మళ్లీ ఆన్ చేసి, అప్పుడు సింక్ నొక్కండి. ఆ మిగిలిన సెకన్ల సంగతి సర్వర్ చూసుకుంటుంది.

సింక్ అవుతోంది కానీ మధ్యలో మళ్లీ తప్పుతోందంటే ఎన్నాళ్లకోసారి అడుగుతోందో చూడాలి. విండోస్ 7 లాంటి పాతవి వారానికి ఒక్కసారే అడిగేవి. మన మండల కేంద్రాల్లోని నెట్ సెంటర్లలో అలాంటి సిస్టమ్‌లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. వారం లోపు పది పన్నెండు సెకన్లు జారడం వాటికి సహజం.

బ్యాటరీ

ప్లగ్ తీసి పెట్టినా గడియారం నడవడానికి మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ల అంత బ్యాటరీ ఉంటుంది. డెస్క్‌టాప్‌లలో దాదాపు అన్నిటికీ సీఆర్2032 అనే 3 వోల్టుల రకమే, వాచీల షాపులో దొరుకుతుంది. రాత్రి మెయిన్ స్విచ్ కట్టేసి ఇంటికెళ్లే షాపుల్లో ఇది త్వరగా అయిపోతుంది, ఎందుకంటే కరెంటు లేనంతసేపూ గడియారాన్ని మోసేది అదే.

మార్చే ముందు షట్‌డౌన్ చేసి, ప్లగ్ పూర్తిగా పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి వదలండి. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకి, పక్కనున్న చిన్న క్లిప్పును వేలితో వెనక్కి నొక్కితే బ్యాటరీ పైకి లేస్తుంది. ప్లస్ గుర్తు ఎటు ఉందో చూసుకుని కొత్తది అలాగే పెట్టండి. మొదటిసారి ఆన్ చేయగానే బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలవకముందే వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి తేదీ, టైమ్ పెట్టాలి. బూట్ ఆర్డర్ లాంటి సెట్టింగులు మొదటికి వచ్చి ఉండొచ్చు, కాబట్టి పాత బ్యాటరీ తీసేముందే ఆ పేజీలను ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకుంటే వెతుకులాట ఉండదు. ల్యాప్‌టాప్‌ అయితే విప్పడం అలవాటు లేనివాళ్లు మెకానిక్‌కి ఇవ్వడమే మంచిది.

విండోస్, లైనక్స్ రెండూ ఉన్న సిస్టమ్

లైనక్స్‌లోంచి విండోస్‌లోకి వచ్చినప్పుడల్లా టైమ్ అయిదున్నర గంటలు వెనక్కి పోతుంటే బ్యాటరీ మార్చక్కర్లేదు. మదర్‌బోర్డు గడియారంలో విండోస్ మన టైమ్ రాస్తుంది, లైనక్స్ యూటీసీ రాస్తుంది. ఒకదాని రాత ఇంకొకదానికి తప్పుగా కనిపిస్తుంది. లైనక్స్‌లో టెర్మినల్ తెరిచి సుడో, ఖాళీ, టైమ్‌డేట్‌సీటీఎల్, ఖాళీ, సెట్-లోకల్-ఆర్‌టీసీ, ఖాళీ, 1 అని కొడితే లైనక్స్ కూడా విండోస్ దారికి వస్తుంది. ఇది సరైన పద్ధతి కాదని లైనక్స్ ఒక హెచ్చరిక చూపిస్తుంది. ఏటా గంట ముందుకీ వెనక్కీ మారే దేశాల్లో ఆ హెచ్చరిక నిజంగా పట్టించుకోవాల్సిందే. మన దేశంలో ఆ మార్పు లేదు కాబట్టి ఇక్కడ ఇబ్బంది రాదు. అమెరికాలోనో యూకేలోనో ఉన్నవాళ్లు మాత్రం విండోస్‌నే యూటీసీకి మార్చుకోవాలి. రిజిస్ట్రీలో టైమ్‌జోన్ ఇన్ఫర్మేషన్ కీ కింద రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ అనే డీవర్డ్ చేర్చి, విలువ 1 పెట్టాలి. మాటల మధ్య ఖాళీలు ఉండకూడదు.

ఆఫీసులో పది సిస్టమ్‌లుంటే

ప్రతి సిస్టమ్ బయటికెళ్లి అడగడం కంటే లోపల ఒక లైనక్స్ మెషీన్ పెట్టి, అది నాలుగు చోట్ల అడిగి మిగతావాటికి పంచేలా చేయడం మంచి పద్ధతి. క్రోనీ అనే ప్రోగ్రామ్ ఇందుకు సరిగ్గా సరిపోతుంది. సి, హెచ్, ఆర్, ఓ, ఎన్, వై. ఉబుంటు, డెబియన్‌లలో ఏపీటీతో వేసుకున్నాక దాని కాన్ఫిగ్ ఫైలు ఈటీసీ ఫోల్డర్‌లోని క్రోనీ ఫోల్డర్‌లో ఉంటుంది. అందులో ఒక్కో సర్వర్‌కి ఒక్కో వరుస రాయాలి: సర్వర్ అన్న మాట, ఖాళీ, అడ్రస్, ఖాళీ, ఐబరస్ట్ (ఐ, బి, యు, ఆర్, ఎస్, టీ). ఐబరస్ట్ ఉంటే మొదట్లో నాలుగైదు ప్రశ్నలు వెంటవెంటనే పంపి త్వరగా సర్దుకుంటుంది. లోపలి సిస్టమ్‌లకు జవాబివ్వడానికి అలౌ అని రాసి, మీ నెట్‌వర్క్ అంకెలు, ఉదాహరణకు 192.168.1.0/24, రాయండి. ఫైలు సేవ్ చేసి, సిస్టమ్‌సీటీఎల్‌తో సర్వీస్ రీస్టార్ట్ చేయండి.

సర్వర్లు రెండు మాత్రమే పెట్టకండి. రెండూ వేర్వేరు టైమ్ చెబితే ఎవరిది తప్పో తేల్చే దారి ఉండదు. నాలుగు ఉంటే ఒకటి చెడినా మిగతా మూడు కలిసి దాన్ని పక్కనపెడతాయి. గూగుల్ సర్వర్లను వీటితో కలపకండి. భూమి తిరుగుడుతో కలవడానికి యూటీసీలో అప్పుడప్పుడు అదనంగా చేర్చే లీప్ సెకను వచ్చినప్పుడు గూగుల్ ఆ సెకనును 24 గంటల మీద కొద్దికొద్దిగా సర్దుతుంది, మిగతావి ఒక్కసారిగా చేరుస్తాయి. ఆ రోజు రెండు రకాలూ కలిసి ఉంటే మీ సిస్టమ్ ఎవరి మాట వినాలో తేల్చుకోలేదు. చివరి లీప్ సెకను మనకు 2017 జనవరి 1 తెల్లవారుజామున అయిదున్నరకు ముందు వచ్చింది.

క్రోనీసీ, ఖాళీ, సోర్సెస్ అని కొట్టి చూడండి. వరుస మొదట్లో నక్షత్రం ఉన్నది ఇప్పుడు నమ్ముతున్న సర్వర్. ప్లస్ ఉన్నవి దానితో కలిపి లెక్కలోకి తీసుకుంటున్నవి. ఇంగ్లిష్ ఎక్స్ కనిపిస్తే ఆ సర్వర్ తప్పు చెబుతోందని తేల్చేసింది. ప్రశ్నార్థకం ఉంటే దాని టైమ్ ఇంకా వాడుకునే స్థితిలో లేదు. రీచ్ అనే నిలువు వరుసలో 377 అని ఉంటే చివరి ఎనిమిది ప్రశ్నలకూ జవాబు వచ్చినట్టు. కాసేపు ఆగినా అది 0గానే ఉంటే మళ్లీ 123 పోర్టు దగ్గరికే వెళ్లాలి.

ఇంకా కచ్చితంగా ఉండాలని సెకనుకోసారి అడిగేలా మాత్రం పెట్టకండి. 2003లో ఇళ్లలో వాడే ఒక రకం రూటర్లు లోపభూయిష్టమైన ప్రోగ్రామ్ వల్ల అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీ టైమ్ సర్వర్ మీద లక్షల సంఖ్యలో పడి, దాన్ని ఊపిరాడనివ్వలేదు. ఈ సర్వర్లు మనకు ఉచితంగా దొరుకుతున్నాయి. క్రోనీ తనంతట తాను ఎంచుకునే వ్యవధే చాలు.

మ్యాక్‌లో పని చాలా తక్కువ. సిస్టమ్ సెట్టింగ్స్, జనరల్, డేట్ అండ్ టైమ్‌లో ఆటోమేటిక్ స్విచ్ ఆన్ ఉంటే సరిపోతుంది. ఫోన్లలో కూడా అంతే.

సీసీ కెమెరా డీవీఆర్‌ని మరచిపోకండి

కంప్యూటర్ కాకపోయినా దీని గురించి చెప్పకుండా ఉండలేను. షాపుల్లో, అపార్ట్‌మెంట్లలో బిగించి వెళ్లిన డీవీఆర్, అంటే కెమెరాల వీడియోను రికార్డు చేసే పెట్టె, చాలాచోట్ల రెండున్నర గంటలు ముందుకు నడుస్తుంటుంది. కారణం, వచ్చినప్పుడు దాని జోన్ జీఎంటీ ప్లస్ 8లో, అంటే చైనా టైమ్‌లో ఉండడం. మెనూలో సిస్టమ్, అందులో డేట్ అండ్ టైమ్ తెరిచి, ముందు జోన్‌ని జీఎంటీ ప్లస్ 05:30కి మార్చండి. డీఎస్‌టీ (ఏటా గంట ముందుకీ వెనక్కీ మార్చే ఏర్పాటు) అని ఉంటే ఆపేయండి. తర్వాత ఎన్‌టీపీ ఆన్ చేసి, సర్వర్ గడిలో సమయ్1 అడ్రస్, పోర్టు 123, వ్యవధి 60 నిమిషాలు పెట్టండి. డీవీఆర్‌కి నెట్ కేబుల్ ఉండాలి, నెట్‌వర్క్ సెట్టింగులో డీఎన్ఎస్ ఖాళీగా ఉంటే సర్వర్ పేరు దానికి అర్థం కాదు, అక్కడ మీ రూటర్ అడ్రస్ రాయండి. సేవ్ చేశాక కెమెరా బొమ్మ మీద పడే టైమ్‌ని ఫోన్‌తో పోల్చండి.

ఈ పని ఏ గొడవా లేని రోజున చేసి పెట్టుకోవాలి. దొంగతనమో, ప్రమాదమో జరిగి ఫుటేజీ అడుగుతున్నప్పుడు టైమ్ తప్పుందని గమనిస్తే అప్పటికప్పుడు సరిచేయకండి. డీవీఆర్ తెర మీది టైమ్, ఫోన్‌లోని టైమ్ రెండూ ఒకే ఫోటోలో పడేలా తీసుకోండి. తేడా ఎన్ని గంటలు, ఎన్ని నిమిషాలు, ఎన్ని సెకన్లో కాగితం మీద రాయండి. ఫుటేజీని ఉన్నది ఉన్నట్టు కాపీ చేసి, ఆ కాగితంతో కలిపి పోలీసులకు ఇవ్వండి. ఇదంతా అయ్యాకే డీవీఆర్ గడియారం ముట్టుకోవాలి.